పడుకోబెట్టిన దొర

నేను ఏడాది దగ్గర దగ్గర ఉన్న ఊరి పేరు ఒక యుద్ధం పేరని చాలా నెలల దాకా నాకు తెలియదు. బ్లెన్‌హైమ్ అని రాస్తారట. అక్కడివాళ్ళు సగం మింగేసి బ్లెనమ్ అంటారు. న్యూజిలాండ్‌లో దక్షిణపు దీవికి పైకొసన ఉంటుంది. ఎటు చూసినా ద్రాక్షతోటలు, వాటి వెనక బోడికొండలు. మా అల్లుడు అక్కడ ఒక వైన్ కంపెనీలో కంప్యూటర్లు చూసేవాడు. మా అమ్మాయి బ్యాంకులో పనిచేసేది. అంతకుముందు హామిల్టన్‌లో ఉండేవారు, అక్కడ మనవాళ్ళు కొందరు ఉన్నారు. ఈ ఊళ్ళో నాకు వినపడే తెలుగు మా ఇంట్లోదే.

నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే ఇంకొకావిడ రాస్తోంది. మాటలు కొంచెం సర్దుతానంది, సర్దమన్నాను. విషయం మాత్రం సర్దొద్దన్నాను.

మా ఆయన కొవ్వూరులో మిషను కుట్టేవారు. వినాయక చవితి వెళ్ళాక, వీధిలో పందిళ్ళు ఇంకా విప్పకముందే, ఒక మధ్యాహ్నం కొట్లో మిషను మీదికి అలా వాలిపోయారు. నేను ఇంట్లో కంచం పెట్టుకుని ఆయన కోసం చూస్తున్నాను. మా అమ్మాయికి ఆ వార్త ఫోనులో వెళ్ళింది. సూపర్‌మార్కెట్ ముందు కారు పార్క్ చేస్తుంటే మోగిందట. అది వచ్చి దిగేసరికి దహనం అయిపోయింది. మాకు మగపిల్లలు లేరు కాబట్టి మా బావగారి అబ్బాయి కర్మ చేశాడు. అన్నీ అయ్యాక కూడా మా అమ్మాయి తిరిగి వెళ్ళలేదు. సెలవు పొడిగించుకుని, నాకు వీసా వచ్చేదాకా కూర్చుని, నన్ను వెంటబెట్టుకుని తీసుకుపోయింది. ఏడాది తిరక్కుండా గడప దాటిస్తావా అని అందరూ అన్నారు. వినలేదు.

నేను వెళ్తూ ఒక్కటే అడిగాను. సంవత్సరీకానికి నన్ను తీసుకొచ్చి గోదావరి ఒడ్డున నిలబెట్టాలి. "తీసుకొస్తానమ్మా" అంది. ఆ మాట మీద విమానం ఎక్కాను.

ఆ ఇల్లు మంచి ఇల్లే, తప్పు పెట్టడానికి లేదు. చెక్క ఇల్లు, చుట్టూ చెక్క కంచె, కంచె నా తల కంటే ఎత్తు. పొద్దున్నే ఇద్దరూ చెరొక కారు వేసుకుని పోతే ఇక ఆ వీధిలో మనిషి అలికిడి ఉండదు. కార్లు పోతాయి, కార్లు వస్తాయి. నడిచేవాళ్ళు లేరు, కూరలమ్మేవాళ్ళు లేరు, ఊరికే గుమ్మంలో కూర్చునేవాళ్ళు లేరు. పెరటివైపు జారుడు అద్దాల తలుపు ఉండేది. దాని గాడిలో మా అమ్మాయి ఒక కర్రముక్క అడ్డం వేసి పోయేది, బయటివాళ్ళు తెరవకుండా. నేను లోపలినుంచి తీయొచ్చు గానీ తీస్తే మళ్ళీ వేశానో లేదోనని దానికి బెంగ. ముందు తలుపుకి అలారం. దాని అంకెలు నాకు నేర్పారు. కంగారులో తప్పు నొక్కాను, ఇల్లంతా కూత పెట్టింది, ఎవరో కంపెనీవాడు ఫోను చేసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు, నేను "రామ రామ" అన్నాను. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దన్నారు.

ఇంకొకటి పోపు. వంటింటి కప్పుకి పొగ గంట ఒకటి బిగించి ఉంటుంది. ఆవాలు చిటపటలాడి మిరపకాయ నల్లబడేసరికి అది చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. దాని కింద నిలబడి తువాలుతో విసరాలి. ఒకరోజు నేనలా విసురుతుంటే పక్కింటి పెద్దాయన కంచె మీంచి తల పెట్టి చూశాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి, "మేం లేనప్పుడు స్టవ్ ముట్టుకోకమ్మా. మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిను" అంది. అప్పటినుంచి పగటిపూట పోపు లేని పప్పు. జ్వరం తగ్గిన మనిషి తిండి తిన్నాను నెలల తరబడి.

పూటకి రెండుసార్లు ఫోను చేసేది.

"ఏం చేస్తున్నావ్?"

"కూర్చున్నాను."

"తిన్నావా?"

"తిన్నాను."

"బాత్రూమ్‌లో మ్యాట్ వేసుకున్నావా?"

"వేసుకున్నానే తల్లీ. దాని మీదే కాపురం ఉంటున్నాను."

నవ్వేది కాదు. ఒకసారి నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ ఫోను వినలేదు. కాసేపటికి కారు వచ్చి గుమ్మంలో ఆగింది. పరుగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చి, నన్ను చూసి, ఆ తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాన్ని తీగ మీద వేసి మళ్ళీ ఆఫీసుకి పోయింది. ఆ తర్వాత నేను పెరట్లోకి వెళ్ళడం తగ్గించాను. ఫోను దగ్గరే కూర్చునేదాన్ని. కిటికీలోంచి చూస్తే కంచె, కంచె మీద ఆకాశం. అంతే నా దేశం.

అక్కడ చలికాలం మనకి ఆషాఢ శ్రావణాల్లో వస్తుంది. చలి ముదిరాక ఒక ఆదివారం నేనే కదిపాను.

"తిథి దగ్గరకొస్తోంది. టికెట్టు చూశావా?"

మా అమ్మాయి గిన్నెలు తుడుస్తోంది. తుడుస్తూనే, "ఇక్కడే చేద్దామమ్మా. ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో పంతులుగారున్నారు. పొద్దున ఫ్లైట్‌లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం" అంది.

"కర్త ఎవరు?"

"ఈయన ఉన్నారుగా."

"మీ నాన్నకి నిప్పు పెట్టినవాడు కొవ్వూర్లో ఉన్నాడు."

"అన్నయ్య అక్కడ చేస్తాడు. మనం ఇక్కడ చేద్దాం."

"నేను లేకుండా ఆయన తద్దినం పెడతారా?"

"అక్కడికెళ్ళి ఒక్కదానివీ ఆ ఇంట్లో ఏముంటావమ్మా? కింద పడితే ఎవరు చూస్తారు? వీసా ఎక్స్‌టెండ్ చేయించాను. పాస్‌పోర్ట్ నా దగ్గరే భద్రంగా ఉంది. నువ్వు ఇక్కడ సెటిల్ అయిపో."

"తీసుకొస్తానన్నావు."

"అన్నాను."

అంతే. గిన్నె అల్మారాలో పెట్టేసి లోపలికి పోయింది. దానిదగ్గర దెబ్బలాడటానికి కూడా అంచు దొరకదు. తిట్టదు, విసుక్కోదు. మెత్తటి గోడ.

మా అల్లుడిది గుంటూరు జిల్లా. మంచివాడు. కానీ అత్తా అల్లుళ్ళం, ఏం మాట్లాడుకుంటాం? "తిన్నారా అత్తయ్యగారూ" అంటే "తిన్నాను బాబూ" అనేదాన్ని. శనివారం వస్తే పక్కింటి పెద్దాయన గ్యారేజీలోకి పోయి సాయంత్రందాకా వచ్చేవాడు కాదు. ఏం చేస్తాడే అక్కడ అంటే మా అమ్మాయి, "బొమ్మలాట. ముసలాయనకీ ఈయనకీ బుర్ర ఒకే వయసు" అనేది.

ఆ శీతాకాలంలోనే ఒక శనివారం అతను చెప్పుల పెట్టె ఒకటి ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి, అందులోంచి సీసం సిపాయిలను తీసి వరసగా పెట్టాడు. ఒక్కొక్కటీ నా బొటనవేలి కణుపంత ఉంటుంది. రంగు వేయడం మొదలుపెట్టాడు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వేస్తున్నాడు, అయినా చెయ్యి వణుకుతోంది. టోపీ రంగు మెడమీదికి కారుతోంది. కాసేపు చూసి ఉండబట్టలేక అడిగాను.

"ఏంటి బాబూ ఇవి?"

అప్పుడు చెప్పాడు. ఈ ఊరి పేరు ఒక యుద్ధం పేరట. ఆ యుద్ధం జరిగి మూడువందల ఏళ్ళు నిండుతున్నాయట. ఇలాంటి ఆట ఆడేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి, ఇక్కడ ఒక హాల్లో పెద్ద బల్ల వేసి, ఆ యుద్ధమంతా బొమ్మలతో మళ్ళీ ఆడతారట. వందల బొమ్మలు కావాలి. అందరూ తలా ఇంత పంచుకున్నారు.

"నేను ఓడిపోయే పక్షం అత్తయ్యగారూ. ఫ్రెంచివాళ్ళు. ఎవరూ తీసుకోకపోతే నాకు అంటగట్టారు."

"ఓడిపోయేవాళ్ళకి ఆ మాత్రం బట్టలైనా సరిగ్గా వేయండి" అన్నాను. అతను నవ్వి కుంచె ఇటు తిప్పి పట్టుకున్నాడు, తీసుకుంటారా అన్నట్టు.

నేను వెంటనే అందుకోలేదు. మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేదాన్ని. మట్టిబొమ్మలకి ఏటా నేనే రంగులు దిద్దేదాన్ని. పేరంటానికి వచ్చినవాళ్ళు రాజూరాణీ బొమ్మల దగ్గర ఆగి చూసేవారు. ఆయన పోయాక ఆ పెట్టె ఎదురింటి కోడలికి ఇచ్చేశాను. అది ముత్తైదువుల సంబరం, ఇక నాకెందుకు. ఆ తర్వాత బొమ్మ ముట్టుకోలేదు. మళ్ళీ అనుకున్నాను, ఇవి దేవుళ్ళూ కాదు, పేరంటమూ లేదు. పరదేశం సిపాయిలు. వీళ్ళకి నా చెయ్యి తగిలితే ఏం ముంచుకొస్తుంది?

బొమ్మను చేత్తో పట్టుకుంటే రంగు అంటుకుంటుంది. అతను పట్టుకోవడానికి ఏదో జిగురు ముద్ద వాడుతున్నాడు, అది జారిపోతోంది. నేను వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద తెచ్చి, బొమ్మ కాళ్ళు దాంట్లో గుచ్చి, ముద్దను గిన్నె మూత మీద నిలబెట్టాను. కోటు బూడిద కలిసిన తెలుపు, టోపీ నలుపు, అంచుకి పసుపు గీత. చివర పళ్ళు కుట్టుకునే పుల్ల మొనతో కళ్ళు పెట్టాను. అందరికీ కాటుక కళ్ళు. మీసాలు కూడా పెట్టాను, ఒకడి మీసం ఇంకొకడికి రాకుండా.

తర్వాతి శనివారం పెద్దాయన వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. చూసి చూసి భుజాలు కదిలేలా నవ్వాడు.

"ఏమంటున్నాడు?"

"వీళ్ళంతా పెళ్ళికి బయల్దేరినట్టు ఉన్నారంటున్నాడు. ఈ సైజు బొమ్మకి ఎవరూ కళ్ళు పెట్టరట."

"కళ్ళు లేకపోతే తుపాకీ ఎటు పేలుస్తారో అడగండి."

అల్లుడు అడిగాడు. పెద్దాయన ఆలోచించి తల ఊపాడు. మర్నాడు ఇంకో పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు.

ఆ రోజుల్లో నాకు కాలం కాస్త కదిలింది. అలా అని తలుపు తెరుచుకోలేదు. అదే కిటికీ, అదే కంచె, ఫోను పక్కనే కుర్చీ. మా అమ్మాయి మాత్రం సంతోషించింది. "చూశావా, ఇక్కడ నీకూ టైంపాస్ దొరికింది" అంది. ఆ మాటకి నా చేతిలో కుంచె ఆగింది. నేను రంగు వేస్తున్నది నన్ను ఇక్కడ కుదురుగా కూర్చోబెట్టడానికే పనికొస్తోందనిపించింది.

బొమ్మలు పూర్తయ్యాక చూపిస్తానని అల్లుడు నన్ను పెద్దాయన గ్యారేజీకి తీసుకెళ్ళాడు. కంచెకి అవతల నేలమీద అడుగు పెట్టడం నాకు అదే మొదటిసారి. పొడుగాటి బల్ల, దాని మీద పచ్చగుడ్డ, ఒక పక్కన నీలం కాగితంతో నది. నది ఒడ్డున అట్టముక్కలతో చిన్న ఊరు, గుడి గోపురంలా మొనదేలిన చర్చి. పెద్దాయన కర్రతో చూపిస్తూ చెబుతుంటే అల్లుడు తెలుగులో చెప్పాడు.

"ఇదే అసలు బ్లెన్‌హైమ్ అత్తయ్యగారూ. జర్మనీలో ఉంది. ఫ్రెంచివాళ్ళు ముందే వచ్చి ఈ ఊళ్ళో దిగారు. ఎర్రకోట్లవాళ్ళు, అంటే ఇంగ్లీషువాళ్ళు, రెండుసార్లు వచ్చి కొట్టారు గానీ లోపలికి రాలేకపోయారు."

"మరి గెలిచినట్టేగా."

"గెలిచేవాళ్ళే. కానీ ఊరికి కాపలా ఉన్న ఆఫీసరుకి గుండె జారిపోయింది. ఊరు చేజారుతుందేమోనని, వెనక అవసరానికి ఉంచిన పటాలాలన్నిటినీ ఊళ్ళోకి పిలిపించేశాడు."

"పిలిస్తే బలమేగా బాబూ."

"చోటేదండీ? ఇవన్నీ సందులు, పెరళ్ళు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. తుపాకీ ఎత్తడానికి చెయ్యి ఆడలేదు. అక్కడ మధ్యలో, అసలు యుద్ధం జరిగే చోట, మనుషులు చాలక లైను తెగిపోయింది. తర్వాత ఎర్రకోట్లవాళ్ళు వచ్చి ఊరిని చుట్టుముట్టేశారు."

"లోపలున్నవాళ్ళు?"

"వేలమంది. సాయంత్రానికి తుపాకులు కింద పెట్టేశారు. చాలామంది సరిగ్గా యుద్ధమే చేయలేదు."

"ఆ ఆఫీసరు ఏమయ్యాడు?"

"గుర్రంతో నదిలో దిగి మునిగిపోయాడంటారు. ఎందుకు దిగాడో తెలియదు."

"మరి వాళ్ళని బయటికి పొమ్మని ఎవరు చెప్పారు?"

అల్లుడు పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన పెదవి విరిచాడు. "ఎవరూ చెప్పలేదట. ఉండమన్నవాడు పోయాడు. వెళ్ళమనేవాడు లేడు."

"చెడ్డవాడా అతను?"

"కాదట. భయపడ్డాడట, అంతే."

నేను ఆ అట్టముక్కల ఊళ్ళోకి చూస్తూ నిలబడ్డాను. నేను కళ్ళు పెట్టిన సిపాయిలే. పెద్దాయన వాళ్ళని ఎంత దగ్గరగా దూర్చాడంటే ఒకడి తుపాకీ ఇంకొకడి వీపుకి తగులుతోంది. ఇంటికి వచ్చాక కూడా నాకు ఊపిరి సరిగ్గా ఆడలేదు. మా అమ్మాయి ఏమైందమ్మా అంటే చలి అన్నాను. హీటరు పెంచి, నా మీద ఇంకో దుప్పటి కప్పింది.

ఆట రెండు రోజులు. శనివారం అల్లుడితో నేను కూడా వెళ్ళాను, బొమ్మలు సర్దడానికి. మా అమ్మాయి ఆదివారం వస్తానంది. ఆ హాల్లో అందరూ మగవాళ్ళే, తలలు నెరిసినవాళ్ళు, బల్ల చుట్టూ వంగి పాచికలు వేయడం, టేపు పెట్టి కొలవడం. పిల్లల్లా తగువులాడుకున్నారు. నేను ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఆట ఆపేశారు. అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. పెద్దాయన రెండు తెల్ల దుప్పట్లు తెచ్చి బల్ల మీద కప్పడానికి విప్పుతున్నాడు.

రేపు కూడా ఉందన్న మాట మర్చిపోయి, దుప్పటి చూసి అయిపోయిందనుకున్నాను. కొలువు ఎత్తేసే ముందు సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెట్టడం మా ఇంటి ఆచారం. నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటారు కదా. ఎవరినీ పడుకోబెట్టకుండా కొలువు ఎత్తకూడదు. మా అత్తగారు అలా చేశారు, నేనూ అలాగే చేశాను. చెయ్యి తానే వెళ్ళింది. ఊళ్ళో చర్చి పక్కన తెల్లగుర్రం మీద ఒక దొర ఉన్నాడు, వాడికే నేను బంగారు రంగు అంచు వేశాను. వాడిని గుర్రంతో సహా మెల్లగా పక్కకి ఒరిగించి పడుకోబెట్టాను. దుప్పటి కప్పేశారు.

ఆదివారం పొద్దున దుప్పటి తీసేసరికి గోల మొదలైంది. ఎర్రకోట్లవైపు లావుపాటాయన ఊళ్ళోకి వేలు చూపించి చప్పట్లు కొడుతున్నాడు. మా అల్లుడు అడ్డంగా తల తిప్పుతున్నాడు. వాళ్ళ ఆటలో పడుకున్న బొమ్మ అంటే చచ్చిన బొమ్మట. నిన్న బతికున్నాడు, రాత్రికి రాత్రి ఎలా చచ్చాడని మావాడు. చూస్తే కనపడటం లేదా అని అవతలివాళ్ళు. పక్కనే మా అమ్మాయి అప్పుడే వచ్చి నిలబడింది.

నేను అల్లుడి మోచెయ్యి తాకాను. "నేనే పడుకోబెట్టాను బాబూ. కొలువు అయిపోయిందనుకున్నాను."

అతను నన్ను చూశాడు, దొరను చూశాడు, నవ్వు ఆపుకుంటూ వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పాడు. హాలంతా నవ్వింది. లావుపాటాయన వచ్చి నాకు దణ్ణం లాంటిది పెట్టాడు. ఆటకి తీర్పరి పక్కింటి పెద్దాయనే. ఆయన గడ్డం గోక్కుని, అసలు యుద్ధంలోనూ ఆ వేళకి ఆ ఆఫీసరు కనపడకుండా పోయినవాడే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాడు.

"మీరు మీ దొరని జోకొట్టారు, నేను ఓడిపోతున్నాను అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. "ఇక ఆర్డరు ఇచ్చేవాడు లేకపోతే ఊళ్ళోవాళ్ళు కదలకూడదు. అది రూలు."

మధ్యాహ్నం దాకా చూశాం. బల్ల మీద అన్నిచోట్లా బొమ్మలు కదులుతున్నాయి. ఊళ్ళోవాళ్ళు మాత్రం కదలరు. ఎర్రకోట్లు ఒక పక్కనుంచి, మళ్ళీ ఒక పక్కనుంచి వచ్చి మూశాయి. మా అమ్మాయికి అర్థం కాలేదు.

"అంతమంది ఉన్నారు కదా, ఇటునుంచి ఖాళీగా ఉన్నప్పుడు బయటికి వచ్చేయొచ్చుగా?" అంది వాళ్ళాయనతో.

"ఉండమన్నారు, ఉన్నారు."

"అదేం పిచ్చి?"

జవాబు నా దగ్గరుంది. హాల్లో అనదలుచుకోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు అల్లుడు బొమ్మలు సర్దడానికి ఆగిపోయాడు. నేనూ మా అమ్మాయీ కారులో. ఆకులు రాలిన ద్రాక్షతోటలు, తీగలు, గుంజలు. బెల్టు నా మెడకి కోసుకుంటోంది.

"ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళని చూసి పిచ్చి అన్నావు" అన్నాను.

"అన్నాను. ఏం?"

"వాళ్ళని లోపలికి తోసినవాడు భయంతో తోశాడు. వాళ్ళ మీద పగతో కాదు."

అది రోడ్డు చూస్తూనే ఉంది. "నేనేనా ఆ ఆఫీసర్ని?" అంది.

"నాకు ఇంగ్లీషు రాదు, డ్రైవింగ్ రాదు, తలుపు తీయడం రాదు, పోపు వేయకూడదు. నా పాస్‌పోర్టు ఎక్కడుందో నాకు తెలియదు. నువ్వే చెప్పు ఎవరివో."

కారు పక్కకి తీసి తోట గట్టున ఆపింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"నాకు ఇంకో ఫోను రాకూడదమ్మా" అంది. "ఆ రోజు ఫోను పెట్టేసి, లోపలికి పోయి ట్రాలీలో పాలు పెట్టుకున్నాను. తర్వాత ఏం చేశానో తెలియదు. ఈయన వచ్చేదాకా ఆ కార్ పార్క్‌లోనే ఉన్నాను. నువ్వు అక్కడుంటే రోజూ ఆ ఫోను కోసమే చూస్తూ కూర్చోవాలి నేను."

ఏడుస్తోంది. నేను ఓదార్చలేదు. ఓదారిస్తే మళ్ళీ నా మీద దుప్పటి కప్పుతుందని నాకు తెలుసు.

"వస్తుందే ఆ ఫోను" అన్నాను. "నీ ఇంట్లో పోతే మీ ఆయన ఫోను చేస్తాడు, కొవ్వూర్లో పోతే మీ అన్నయ్య చేస్తాడు. రాకుండా ఆపడం నీ చేతుల్లో లేదు. అదే ఊళ్ళో ఆయన కోసం నేను కంచం పెట్టుకుని ఉన్నా ఆగలేదు. నన్ను ఆయన తద్దినానికి పంపడం మాత్రం నీ చేతుల్లో ఉంది."

"వెళ్తే తిరిగిరావు."

"ఆ మాట అక్కడినుంచి చెబుతాను. ఇక్కడినుంచి చెబితే అది నా మాట కాదు."

వెనక ఏదో లారీ హారన్ కొట్టింది. మా అమ్మాయి ముక్కు తుడుచుకుని కారు తీసింది.

తర్వాత కొన్నాళ్ళు ఇల్లు మూగనోము పట్టింది. ఫోను చేసేది, తిన్నావా అనేది, పెట్టేసేది. అల్లుడు మా ఇద్దరి మధ్యా పిల్లిలా తిరిగేవాడు. ఒకరోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లగా, "మెత్తబడుతోంది అత్తయ్యగారూ, మీరు ఇంకేమీ అనకండి" అన్నాడు. నేను అనలేదు. అనకపోవడమే కష్టమైంది. తిథి దగ్గరపడుతోంది, పగలంతా కిటికీ ముందు కూర్చుని లోపల్లోపల అరుచుకున్నాను. ఒక్కోసారి ఆ కర్రముక్క తీసేసి, కంచె గడియ తీసుకుని, ఎటో ఒకటు నడిచిపోదామా అనిపించేది. ఎటు? ఆ దేశం చుట్టూ సముద్రం.

ఒక ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ మా అమ్మాయి నా పళ్ళెం పక్కన పాస్‌పోర్టు పెట్టింది. దాంట్లో టికెట్టు.

"తద్దినం ఇంకా వారం ఉందనగా దిగుతావు. అన్నయ్య ఎయిర్‌పోర్టుకే వస్తాడు. ఒక కండిషన్. వీల్‌చెయిర్ బుక్ చేశాను. ఎయిర్‌పోర్టుల్లో వాళ్ళే తోసుకెళ్ళి విమానం మార్పిస్తారు. కాదనకు."

"కాళ్ళు బాగానే ఉన్నాయి కదే."

"బోర్డులు చదవలేవు కదా."

"చదవలేను."

"మరి కూర్చో."

కూర్చుంటానన్నాను. ఎవరో ఒకరు ఒక మెట్టు దిగాలి. అది చాలా దిగింది.

ఆక్లండ్‌లో ఆ కుర్చీ తెచ్చిన పిల్ల ఫిజీ నుంచి వచ్చిన హిందీ పిల్ల. మా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, కాళ్ళ మీద శాలువా కప్పి, సంచి ఒళ్ళో పెట్టి, ఆ పిల్లకి ఇంగ్లీషులో చాలాసేపు ఏవేవో అప్పగింతలు పెట్టింది. నేను రోగినో, పసిపిల్లనో అన్నట్టు. "దిగగానే ఫోను" అంది నాతో. అల్లుడు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆ పిల్ల తోసింది. లోపలికి పోనిచ్చే గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూశాను. మా అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అక్కడినుంచి కదలమని దానికి ఎవరు చెబుతారో అనిపించింది.

నేను చెయ్యి ఊపాను, పో, ఇంటికి పో అన్నట్టు. అది పోలేదు.

మలుపు తిరిగాక నేను ఆ పిల్లను ఆపమని సైగ చేశాను. శాలువా మడిచి, లేచి, సంచిని కుర్చీలో పెట్టాను. ఆ పిల్ల కంగారుపడి హిందీలో ఏదో అంది. నాకు రాదు. "మా అమ్మాయికి చెప్పకు" అన్నాను తెలుగులో. ఆ పిల్ల నా కాళ్ళ వంక చూసింది, కుర్చీలో సంచి వంక చూసింది, నవ్వింది. తనొక పిడి పట్టుకుంది, నేనొక పిడి పట్టుకున్నాను. కుర్చీని తోసుకుంటూ నడిచాం.